అక్కరలేక మిగిలిన గోడ: రాక్సెటర్ రోమన్ స్నానశాల శిథిలాలు

సభలోని పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

ఇంగ్లండు పడమటి అంచున, వేల్స్ కొండలకు చేరువలో, సెవెర్న్ నది ఒడ్డున రాక్సెటర్ అనే చిన్న ఊరు ఉంది. ఈ సాయంత్రం ఆ ఊరి పొలాల నడుమ ఉన్న రోమన్ ప్రజా స్నానశాల శిథిలాల గురించి మాట్లాడతాను. రోమ్ నగరంలోని కారకల్లా స్నానశాలనో, పాంపేయిలోని స్టాబియన్ స్నానశాలనో ఎంచుకొని ఉంటే బొమ్మలు ఇంకా అందంగా ఉండేవి. అయితే కారకల్లా గోడలు మహా శిఖరాల్లా నేటికీ నిలిచే ఉన్నాయి, పాంపేయిని క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదే కప్పి కాపాడింది. రాక్సెటర్‌కు అటువంటి అదృష్టం పట్టలేదు. నగరం ఖాళీ అయిన తరువాత వందల ఏళ్లపాటు చుట్టుపక్కల జనం అక్కడి రాయిని పెకలించి తీసుకుపోతూనే ఉన్నారు. అందువల్ల ఈనాడు అక్కడ మనం చూసేదంతా, రోమన్లు కట్టినదానిలో తరువాతి తరాలకు అక్కరలేకపోయిన భాగం మాత్రమే. ఆ శిథిలాలను ఈ దృష్టితో చదవాలన్నదే నేను చెప్పదలచిన మాట.

రోమన్లు ఈ నగరాన్ని విరోకోనియం అన్నారు. మొదట అది సైనిక శిబిరం. పద్నాలుగో లీజియన్ (రోమన్ సైన్యంలోని పెద్ద దళం), ఆ తరువాత ఇరవయ్యో లీజియన్ అక్కడ విడిది చేశాయి. క్రీ.శ. 90 ప్రాంతంలో సైన్యం వెళ్లిపోగా, కార్నోవీ అనే స్థానిక తెగకు అది ముఖ్య పట్టణమై, బ్రిటన్‌లోని రోమన్ నగరాలలో నాలుగో పెద్ద నగరంగా ఎదిగింది. సైన్యం తనకోసం మొదలుపెట్టిన స్నానశాలను పూర్తి చేయకుండానే వదిలి వెళ్లింది. ఆ అసంపూర్ణ కట్టడం మీదనే పౌరులు తమ ఫోరమ్‌ను, అంటే నగరపు సంతకూ సభలకూ వాడే ఆవరణను, నిర్మించుకొన్నారు. 1924లో దొరికిన శాసనపు ముక్కలను బట్టి, 129-130లో హాడ్రియన్ చక్రవర్తి పేరిట ఆ ఫోరమ్‌ను అంకితం చేశారని తెలుస్తోంది. వీధికి అవతల కట్టిన పౌర స్నానశాల రెండో శతాబ్ది మధ్య నాటికి గాని పూర్తి కాలేదు.

ఆ స్నానశాలలో నేటికీ నిటారుగా నిలిచినది ఒకే ఒక్క గోడ ముక్క. స్థానికులు ‘ఓల్డ్ వర్క్’ అని పిలిచే ఆ గోడ ఎత్తు ఏడు మీటర్లు. బ్రిటన్‌లోని రోమన్ పౌర కట్టడాలలో దేని ఆధారమూ లేకుండా నిలిచిన గోడల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. రాతి వరుసల మధ్య అక్కడక్కడ ఎర్రని ఇటుక పలకల వరుసలు, మేస్త్రీలు పరంజా కర్రలు దూర్చిన చతురస్రపు రంధ్రాలు, దక్షిణం వైపున ఒకప్పటి కమాను కప్పులు పుట్టిన చోట్లు స్పష్టంగా కనిపిస్తాయి. గోడ నడుమ పెద్ద ఖాళీ ఉంది. చూడగానే కూలిన భాగం అనిపిస్తుంది గాని, అది వాకిలి. ఉత్తరాన సుమారు 70 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల బసిలికా, అంటే వ్యాయామానికీ కబుర్లకూ వాడుకొన్న పెద్ద కప్పు గల శాల ఉండేది. అక్కడి నుంచి చన్నీటి గదిలోకి, ఫ్రిజిడేరియంలోకి, ఆ వాకిలి గుండానే జనం వెళ్లేవారు. వాకిలి చుట్టూ ఉన్న చెక్కుడు రాళ్లు పనికివచ్చేవి గనుక వాటిని పీక్కుపోయారు. సున్నపు గచ్చుతో బిగిసిపోయిన చిన్న రాళ్ల గోడను ఊడదీయడం శ్రమ గనుక వదిలేశారు. ఊరి చర్చిని చూసినవారికి రాళ్లు ఎటు పోయాయో ఇట్టే తెలిసిపోతుంది: దాని గేటు స్తంభాలు రోమన్ స్తంభాలు, లోపలి బాప్టిజం తొట్టి తలకిందులు చేసి తొలిచిన ఒక రోమన్ స్తంభపు పీఠం.

నేల కింద సంగతి వేరు. చన్నీటి గది దాటితే గోరువెచ్చని టెపిడేరియం, దాని వెనుక వేడి కాల్డేరియం. ఈ గదుల నేలను పొట్టి ఇటుక దిమ్మెల మీద ఎత్తుగా నిలిపి, బయటి పొయ్యిలో కట్టెలు మండించి, వేడి గాలిని దిమ్మెల సందులలో నుంచి పోనిచ్చేవారు. ఆ గాలి అక్కడితో ఆగక, గోడలకు అతికించిన బోలు పెంకు గొట్టాలలో నుంచి పైకి పాకుతూ గోడలను కూడా వేడెక్కించేది. దీనినే హైపోకాస్ట్ అంటారు. నేల ఎంతగా కాగేదంటే స్నానానికి వచ్చినవారు చెక్క చెప్పులు లేకుండా నడవలేకపోయేవారు. తొట్లకూ నేలకూ నీరు దిగకుండా ఇటుక పొడి కలిపిన సున్నం, మన మేస్త్రీలు సుర్కీ అనేదే, దట్టంగా మెత్తేవారు. పైకప్పు కూలి రాళ్లురప్పలు కింద నిండిపోవడం వల్లనే ఇటుక దిమ్మెలు వరుసలుగా బతికిపోయాయి. బయట ఆరుబయలు ఈత కొలను కూడా కట్టారు. ఆ చలిదేశంలో దానిలో దిగే సాహసం ఎందరికి కలిగిందో గాని, కొంతకాలానికే దానిని చెత్తతో పూడ్చేశారు. పురావస్తు పరిశోధకులకు ఆ చెత్త వరమైందని వేరే చెప్పనక్కరలేదు.

కొల్లగొట్టలేని మరో చోటు మురుగు కాలువ. దీనికి వేల్స్‌లోని కార్లియన్ మంచి ఉదాహరణ. అక్కడి లీజియన్ స్నానశాల కాలువలో 88 చెక్కుడు రత్నాలు దొరికాయి. వేడికీ ఆవిరికీ ఉంగరాలలోని జిగురు కరిగి, రాళ్లు జారి నీటితో పాటు పోయాయన్నమాట. వాటితో పాటు పిల్లల పాలపళ్లు, తిని పారేసిన కోడి ఎముకలు కూడా బయటపడ్డాయి. సైనికుల స్నానశాలలో పిల్లలు కూడా తిరిగేవారన్న సంగతి మనకు ఆ పాలపళ్ల వల్లనే గదా తెలిసింది!

రాక్సెటర్‌కు తిరిగి వద్దాం. 1859లో థామస్ రైట్ అనే పండితుడు ఓల్డ్ వర్క్ పక్కన తవ్వకాలు మొదలుపెట్టాడు. హైపోకాస్ట్ దిమ్మెల మధ్య మూడు అస్థిపంజరాలు, వాటిలో ఒకదాని పక్కన నాణాల కుప్ప దొరికాయి. నగరాన్ని శత్రువులు దోచుకొంటుండగా ఒక వృద్ధుడు తన డబ్బుతో నేల కింద దాక్కొని ప్రాణం విడిచాడని రైట్ ఊహించాడు. కథ రక్తి కట్టిందనడంలో సందేహం లేదు, జనం బారులు తీరారు. కాని ఎముకలు తాము ఎక్కడ పడి ఉన్నాయో చెబుతాయే తప్ప ఏ భయంతో అక్కడికి చేరాయో చెప్పవు. పాడుబడిన కట్టడంలో తరువాతి కాలంలో ఎవరినైనా పాతిపెట్టి ఉండవచ్చు కూడా. అంతకన్నా నష్టం మరొకటి జరిగింది. రైట్ కూలీలు గోడల కోసం వెతుకుతూ, పైనున్న రాళ్లురప్పల పొరలను తెగ్గొట్టుకొంటూ పోయారు. పక్కనే ఉన్న ష్రూస్‌బరీలో పుట్టిన చార్లెస్ డార్విన్ 1881లో వానపాముల మీద వెలువరించిన పుస్తకంలో రాక్సెటర్ ప్రస్తావన తెచ్చి, పాత కట్టడాలు మట్టిలో మునగడంలో ఆ పురుగుల వంతు ఎంతో చర్చించాడు. రైట్ పట్టించుకోని మట్టి డార్విన్‌కు ముఖ్యమైంది.

1936-37లో కాథ్లీన్ కెన్యన్ ఇక్కడ తవ్వింది. ఆమె మార్టిమర్ వీలర్ దగ్గర పని నేర్చుకొన్న మనిషి; ఆ వీలరే 1944 నుంచి 1948 వరకు మన భారత పురావస్తు శాఖకు అధిపతిగా ఉండి, మడికీ మడికీ మధ్య గట్టు వదిలినట్లు చదరాలుగా తవ్వే పద్ధతిని మన దేశంలో కూడా నేర్పాడు. పొరల క్రమం గట్టు నిలువు ముఖం మీద చక్కగా కనిపిస్తుంది. అయితే ఒక చదరంలో నిలబడితే పక్క చదరం కనిపించదు. 1966లో బసిలికా తవ్వకం చేపట్టిన ఫిలిప్ బార్కర్‌కు ఈ గట్లే అడ్డనిపించాయి. గట్లు లేకుండా మొత్తం స్థలాన్ని ఒకేసారి తెరిచి, తాపీలతో, కుంచెలతో శుభ్రం చేస్తూ, ప్రతి రాయినీ కాగితం మీద గీయిస్తూ, 1990 వరకు ఏటేటా వేసవిలో ఆయన బృందం పని చేసింది.

అప్పుడు గాని అసలు విషయం బయటపడలేదు. శిథిలాల కుప్ప అనుకొన్నదానిలో కొన్ని చోట్ల రాళ్లను కావాలని చదును చేసి వేసినట్లు తేలింది. వాటి అంచులు సూటిగా ఉన్నాయి. స్నానాలు ఆగిపోయిన తరువాత, బసిలికా కప్పు తీసేసిన తరువాత, ఆ దిబ్బల మీద కొయ్య కట్టడాలు లేచాయనీ, వాటిలో ఒకటి చాలా పెద్దదనీ, అది రెండంతస్తుల భవనమై ఉండవచ్చనీ, ఇదంతా ఆరో శతాబ్దిలో జరిగిందనీ బార్కర్ వాదించాడు. గుంజలు పాతకుండా దిబ్బల మీదనే నిలిపినందున ఆ ఇళ్లకు గుంతల ఆనవాళ్లు లేవు. ఇరుకైన కందకంలో నుంచి చూస్తే వాటిని పసిగట్టే వీలే లేదు. రోమన్ పాలన ముగిశాక బ్రిటన్‌లో పట్టణ జీవితం చప్పున ఆరిపోయిందన్న అభిప్రాయాన్ని ఈ వాదన గట్టిగానే కదిలించింది.

అందరూ ఒప్పుకోలేదు. ఆ కాలానికి ఖచ్చితంగా చెందిన వస్తువులు చాలా తక్కువ దొరికాయనీ, రాళ్ల అమరికలో ఇళ్లను చూడడం అతి ఊహ కావచ్చుననీ ఇటీవలి పరిశోధకులు కొందరు ప్రశ్నించారు. నా మట్టుకు, దిబ్బలను మనుషులే చదును చేశారన్న మాట నమ్మదగినదిగా తోస్తుంది గాని, వాటిపై రెండంతస్తుల భవనాన్ని నిలబెట్టడానికి ఆధారం చాలదనిపిస్తుంది. తవ్విన పొరను తిరిగి పరచలేము గనుక, ఈ తగవు ఇప్పుడు బార్కర్ బృందం గీసిన పటాల మీదనే సాగుతోంది. వాటిలో బసిలికా ఉత్తర భాగపు పటాన్ని ఇప్పుడు తెర మీద చూపిస్తాను. దిబ్బల అంచులు మీకు సూటిగా కనిపిస్తున్నాయో లేదో మీరే చెప్పాలి.