ఆ పన్నెండింటిలో మన నగుమోము

సభకు నమస్కారం.

ముందు మిమ్మల్ని 2001కి తీసుకెళ్తాను. బ్రిటన్, ఐర్లాండ్ కళాకారుల ఆల్బమ్‌లలో ఆ ఏటికి మేలైనవని పన్నెండింటిని ఎంచి, లండన్‌లో ఒక జాబితా ప్రకటించారు. రేడియోహెడ్ లాంటి మహా ప్రసిద్ధ బృందం ఆ జాబితాలో ఉంది. అదే వరుసలో సుశీలా రామన్ అనే గాయని తొలి ఆల్బమ్ ‘సాల్ట్ రెయిన్’ కూడా ఉంది. లండన్‌లో తమిళ దంపతులకు పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, మళ్లీ లండన్ చేరిన మనిషి ఆమె. ఆ డిస్కులో త్యాగరాజస్వామి ‘నగుమోము’ పాడారు. అదే తెలుగు మాట. కచేరీ మర్యాదలు పక్కన పెట్టి, గిటారును తోడు చేసుకుని పాడారు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో పుట్టిన కీర్తన రాక్ బృందాల సరసన ఎలా కూర్చోగలిగింది? ఆ చోటు ఇచ్చిన మెర్క్యురీ పురస్కారం గురించే ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నాను.

ఇది 1992లో మొదలైంది. అప్పటికే బ్రిటన్‌లో బ్రిట్ పురస్కారాలు ఉన్నాయి. వెలుగులు, హంగులు, బాగా అమ్ముడైన పేర్లు అక్కడ ఎక్కువ. దానికి భిన్నంగా, సాహిత్యానికి బుకర్ ఎలాగో సంగీతానికి అలాంటిది ఒకటి ఉండాలనుకున్నారు. జాన్ వెబ్‌స్టర్ అనే రికార్డు కంపెనీ అధికారి పూనుకున్నారు. రికార్డు సంస్థల సంఘం, రికార్డులు అమ్మే దుకాణదారుల సంఘం వెనక నిలబడ్డాయి. దుకాణదారులు ఉన్నారంటే అమ్మకాలు పెరగాలన్న ఆశ కూడా ఉన్నట్టే. అందులో నాకు తప్పేమీ కనబడదు. మంచి పాట అమ్ముడుపోవాలి కదా! మెర్క్యురీ అన్నది అప్పట్లో డబ్బు పెట్టిన టెలిఫోన్ కంపెనీ పేరు. ఆ కంపెనీ కొన్నేళ్లకే కనుమరుగైంది, పేరు మాత్రం పురస్కారానికి ఉండిపోయింది.

మొదటి ఏడాది జాబితాలో ఉన్నవి పది. ఆ పదిని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఐర్లాండ్ బృందం యూ2, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన జాజ్ పియానిస్టు భేకి మ్సెలేకు, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో ప్రధానంగా సాగే జాన్ టావెనర్ శాస్త్రీయ రచన, డాన్స్ సంగీతం, అన్నీ ఒకే పంక్తిలో. గెలిచింది ప్రైమల్ స్క్రీమ్ బృందం ‘స్క్రీమడెలికా’. చెల్లోను, రాక్‌ను ఏ త్రాసులో తూచాలి అని అప్పుడే అడిగారు, నేటికీ అడుగుతున్నారు. సంగీత సామాజికవేత్త సైమన్ ఫ్రిత్ రెండు దశాబ్దాలకు పైగా న్యాయనిర్ణేతల బృందానికి అధ్యక్షత వహించారు. అక్కడ అమ్మకాల లెక్కకు విలువ లేదు. ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాలి, వాదించుకోవాలి, విజేతను సభ జరిగే రాత్రే తేల్చాలి.

మొదటి పాట నుంచి చివరి దాకా అన్న ఆ మాట దగ్గర కాస్త ఆగుతాను. క్యాసెట్ల కాలంలో పెరిగిన వాళ్లకు దాని విలువ తెలుసు. ఒక వైపు అయిపోగానే లేచి, తిప్పి పెట్టేవాళ్లం. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాట మొదటి స్వరం మనసులో మోగేది. ఆ వరుస కూడా సంగీతంలో భాగమే. పాటను పాట నుంచి విడదీసి వింటున్న ఈ రోజుల్లో, మొత్తాన్ని ఒక రచనగా విని తీర్పు చెప్పే పురస్కారం ఒకటి మిగిలి ఉండడం నాకు ఎంతో ఊరట.

తీర్పులన్నీ ఒప్పేనని అనను. 1994లో రాక్ బృందం బ్లర్ ‘పార్క్‌లైఫ్’ను కాదని డాన్స్ సంగీత బృందం ఎమ్ పీపుల్‌కు ఇచ్చారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ వాదన చల్లారలేదు. 1996లో గెలిచిన పల్ప్ బృందం బహుమతి సొమ్మును యుద్ధ బాధిత పిల్లల కోసం పనిచేసే ‘వార్ చైల్డ్’కు ఇచ్చేసింది. ఆ సంస్థ కోసం చేసిన ‘హెల్ప్’ ఆల్బమ్ ఆ ఏడాది వారితో పోటీలో ఉన్నదే!

1999 మనకు దగ్గరి సంవత్సరం. లండన్‌లో పుట్టి, పంజాబ్ వచ్చి తబలా నేర్చుకుని వెళ్లిన తల్వీన్ సింగ్ ‘ఓకే’ ఆల్బమ్‌తో గెలిచారు. బ్లర్, మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ ఆ ఏటి పోటీదారులు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇళ్లలో విన్న తాళం, వీధిలో విన్న ఎలక్ట్రానిక్ హోరు ఒకే డిస్కులో కలిశాయి. 2003లో ‘బాయ్ ఇన్ ద కార్నర్’తో ర్యాప్ గాయకుడు డిజ్జీ రాస్కల్ గెలిచినప్పుడు అతని వయసు పద్దెనిమిది. తూర్పు లండన్ వీధుల పాట అది.

అదే పురస్కారం 2020లో పెద్ద తప్పు చేసింది. జపాన్‌లో పుట్టి, చిన్నప్పుడే బ్రిటన్ వచ్చి అక్కడే పెరిగిన రీనా సవయామా తొలి ఆల్బమ్ పోటీకే అర్హం కాదన్నారు. కారణం, ఆమె చేతిలో బ్రిటన్ పాస్‌పోర్టు లేదు. జపాన్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అంటే పురస్కారం కావాలంటే, పుట్టిన దేశపు పౌరసత్వాన్ని వదులుకోవాలి. విదేశాల్లో ఏళ్ల తరబడి ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ సంకటం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆమె బహిరంగంగా మాట్లాడారు, శ్రోతలు అండగా నిలిచారు, 2021లో నిబంధన మారింది. ఇప్పుడు ఐదేళ్లకు పైగా శాశ్వత నివాసం ఉంటే చాలు.

జాజ్‌కు ఏటా ఒక చోటు ఇచ్చి పంపేస్తారన్న నింద కూడా చాలాకాలం ఉండేది. ఎజ్రా కలెక్టివ్ గెలిచేసరికి 2023 వచ్చింది. తొలి జాజ్ విజయం అది. ఆ బృందం యువకులకు ఉచితంగా సంగీతం నేర్పే ఒక కార్యక్రమంలో ఒకచోట చేరింది. వేదికపై డ్రమ్మర్ ఫెమీ కొలియోసో ఆ మాటే చెప్పారు. 2025లో సభ మొదటిసారి లండన్ దాటి న్యూకాజిల్‌లో జరిగింది, ఆ ప్రాంతపు బిడ్డ శామ్ ఫెండర్‌కే పురస్కారం దక్కింది.

మళ్లీ 2001. ‘నగుమోము’ ఉన్న ఆ జాబితాలోంచి విజేతను ప్రకటించాల్సిన రోజు సెప్టెంబర్ 11. గెలిచింది ఇంగ్లండ్ గాయని పీజే హార్వీ. ఆమెది న్యూయార్క్ నగరం నిండిన ఆల్బమ్. ఆ రోజు ఆమె వాషింగ్టన్‌లో ఉన్నారు. హోటల్ కిటికీలోంచి చూస్తే పెంటగాన్ తగలబడుతోంది. అక్కడి నుంచే లండన్ సభతో ఫోనులో మాట్లాడారు. పదేళ్ల తర్వాత, యుద్ధాల మీద అల్లిన ‘లెట్ ఇంగ్లండ్ షేక్’తో ఆమే మళ్లీ గెలిచారు. ఇప్పటికీ రెండుసార్లు గెలిచింది ఆమె ఒక్కరే.

సుశీలా రామన్ గెలవలేదు. కానీ ఆ డిస్కు నా దగ్గర ఉంది, ఇవాళ వెంట తెచ్చాను. దీపాలు కాస్త తగ్గించమని నిర్వాహకులను కోరుతున్నాను. ‘నగుమోము’ వినిపిస్తాను.