హో వర్షారణ్యం: అమ్మమ్మ, మనవడు కలిసి నడవగల అడవి

[తెరపై: నాచు వేలాడుతున్న మేపుల్ చెట్లు, వాటి కింద మట్టి బాట. ఆకుల మీద చినుకుల చప్పుడు.]

నమస్కారం. వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి సియాటిల్ వస్తారు. గుడి, డౌన్‌టౌన్, షాపింగ్ అన్నీ రెండు వారాల్లో అయిపోతాయి. తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలి? మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఐదేళ్ల బాబు ఇద్దరూ నడవగలగాలి. నేనైతే ఒలింపిక్ నేషనల్ పార్కులోని హో వర్షారణ్యానికి వెళ్లమంటాను. అక్కడ హాల్ ఆఫ్ మోసెస్ అనే బాట మొత్తం 1.3 కిలోమీటర్లే. మొదట్లో కాస్త ఎక్కాలి, అంతే. ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తాం.

వర్షారణ్యం అనగానే మనకు ఉక్కపోత గుర్తొస్తుంది. ఇది చల్లటి వర్షారణ్యం. పసిఫిక్ మీది తేమగాలి ఒలింపిక్ పర్వతాలకు తగిలి, పైకి లేచి, చల్లబడి ఇటువైపే కురిసేస్తుంది. ఈ లోయలో ఏడాదికి దాదాపు 3.5 మీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్ వానకు ఇది నాలుగు రెట్లు. అదే కొండల అవతల స్క్విమ్ అనే ఊళ్లో 40 సెంటీమీటర్లే, మన అనంతపురం కన్నా తక్కువ!

[తెరపై: పడిపోయిన పెద్ద దుంగ, దాని మీద వరసగా చిన్న మొక్కలు.]

ఇక్కడ ఆగండి. ఫొటో తీసుకుని ముందుకెళ్లిపోకండి. ఈ నేలంతా నాచు, ఫెర్న్ మొక్కలు దట్టంగా కమ్మేసి ఉంటాయి. పైనుంచి రాలిన విత్తనానికి నేల మీద చోటు దొరకదు, వెలుతురు అందదు. కూలిన చెట్టు మీద మాత్రం రెండూ దొరుకుతాయి. పుచ్చుతున్న దుంగ స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. అందుకే హెమ్‌లాక్, సిట్కా స్ప్రూస్ మొక్కలు దాని మీదే మొలుస్తాయి. ఇక్కడివాళ్లు దీన్ని నర్స్ లాగ్ అంటారు. మొక్కల వేళ్లు దుంగ పక్కల నుంచి కిందికి దిగి నేలను పట్టుకుంటాయి. ఎన్నో ఏళ్లకు దుంగ పూర్తిగా మట్టిలో కలిసిపోతుంది, పైన పెరిగిన చెట్లు మిగులుతాయి. పిల్లలకు పెద్ద చెట్లు చూపించి అడగండి: ఎవరో తాడు పట్టి నాటినట్టు ఇవి ఒకే వరసలో ఎందుకున్నాయి? వేళ్ల కింద ఆ ఖాళీ ఎందుకుంది? మా బాబు ఆ రోజంతా అలాంటి వరసలు వెతుకుతూనే ఉన్నాడు.

మేపుల్ చెట్ల దగ్గర మా అమ్మకు ఒక సందేహం వచ్చింది. "ఇంత నాచు పట్టిందే, చెట్టు చచ్చిపోదూ?" చచ్చిపోదు. నాచు చెట్టు రసం పీల్చదు, వాన నుంచి, గాలి నుంచి తనకు కావలసింది తెచ్చుకుంటుంది. పైగా చెట్టే దాన్ని వాడుకుంటుంది. నళినీ నాడ్కర్ణి అనే శాస్త్రవేత్త ఇక్కడి చెట్లెక్కి, కొమ్మల మీది నాచు పొరను ఎత్తి చూస్తే, కొమ్మల నుంచే పుట్టిన వేళ్లు ఆ పొరలో కనిపించాయి. చెట్టు తన కొమ్మల మీదే ఆహారం వెతుక్కుంటోందన్నమాట. 1981లో ఆమె ఈ విషయం సైన్స్ పత్రికలో ప్రచురించారు.

ఎల్క్‌లు కూడా కనిపించవచ్చు. మన కణుజు లాంటివే, ఇంకా పెద్దవి. 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ కొండలను రక్షిత ప్రాంతంగా ప్రకటించడానికి ఇవి కూడా ఒక కారణం. కనీసం 45 మీటర్ల దూరంలో ఉండండి, సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్లొద్దు.

బాట మీద వేళ్లు పైకి తేలి ఉంటాయి, కాబట్టి స్ట్రోలర్ కష్టం. వీల్‌చైర్ వాళ్ల కోసం విజిటర్ సెంటర్ పక్కనే చదును చేసిన చిన్న బాట వేరే ఉంది. వేసవిలో పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, గేటు దగ్గర చాలాసేపు ఆగాల్సి వస్తుంది. సియాటిల్ నుంచి నాలుగు గంటల ప్రయాణం కాబట్టి ముందు రోజే ఫోర్క్స్ ఊళ్లో బస చేయడం మేలు. పెట్రోలు, మ్యాప్ డౌన్‌లోడ్ అక్కడే చూసుకోండి, అడవిలో సిగ్నల్ దొరకదు. పులిహోర డబ్బా, రెయిన్‌కోట్ మర్చిపోవద్దు.

[తెరపై: రూబీ బీచ్, అలల మధ్య నిలబడిన రాతి స్తంభాలు.]

తిరుగు ప్రయాణంలో లేక్ క్రెసెంట్ దగ్గర మేరీమియర్ జలపాతం ఉంది, రానూపోనూ దాదాపు 3 కిలోమీటర్లు. ఒక్కటే చూసే టైమ్ ఉంటే మాత్రం రూబీ బీచ్‌కే వెళ్లండి. ఒడ్డు పొడవునా పెద్ద పెద్ద దుంగలు తెల్లబారి పడి ఉంటాయి. ఇలాంటి అడవుల్లో కూలిన చెట్లను నదులు సముద్రానికి మోసుకొస్తే, అలలు వాటిని మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. పిల్లలు వాటి మీదికెక్కి ఆడాలని సరదా పడతారు. పోటు వచ్చినప్పుడు అంత దుంగా నీళ్లలో తేలి దొర్లుతుంది, కింద పడితే ప్రాణాలకే ముప్పు. బీచ్‌లోకి దిగే ముందే ఆటుపోట్ల సమయం చూసుకోండి. నీళ్లు వెనక్కి తగ్గే వేళకు వెళితే రాళ్ల గుంటల్లో నక్షత్ర చేపలు కూడా కనిపిస్తాయి.