ఆర్‌వీలో ఆఫీసు కాల్ తెగకుండా ఉండాలంటే: బూస్టర్ కొనే ముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం. అమెరికాలో ఆర్‌వీ (లోపలే వంట, పడక ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్, యోసెమిటీ లాంటి జాతీయ పార్కులకు వెళ్లే మనవాళ్లు ముందుగా అడిగేది ఇదే: "సోమవారం పొద్దున ఆఫీసు కాల్ ఉందండీ, ఏ బూస్టర్ కొనమంటారు?" బూస్టర్ అంటే ఫోన్ సిగ్నల్‌ని పెంచే పరికరం, దాని సంగతి తర్వాత. ముందు ఫోన్‌లో రెండు అంకెలు చూడాలి.

పైన కనిపించే గీతల్ని నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేసి కాల్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో అయితే సెల్‌మ్యాపర్ యాప్ వేసుకోండి. మొదటి అంకె ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే టవర్ నుంచి మీకు అందుతున్న బలం. మైనస్ 85 అయితే చాలా బాగున్నట్టు. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 115 కిందకి పడిపోతే కాల్ తెగుతూనే ఉంటుంది. రెండోది ఎస్‌ఐఎన్‌ఆర్. చుట్టూ ఉన్న రేడియో రొదలో మీ సిగ్నల్ ఎంత తేటగా ఉందో ఇది చెబుతుంది. 15 పైన ఉంటే మంచిది, సున్నా కిందకి వెళ్తే కష్టం.

ఇప్పుడు అసలు విషయం. రెండు అంకెలూ బాగున్నాయి, అయినా స్పీడ్ 1 ఎంబీపీఎస్ దాటడం లేదనుకోండి. అప్పుడు బూస్టర్ పెట్టినా దండగే. సిగ్నల్ ఉంది, టవర్ మీద జనం ఎక్కువయ్యారు. ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ లాంటి చోట్ల వేసవి మధ్యాహ్నాలు సరిగ్గా ఇదే జరుగుతుంది. తెల్లవారుజామున 5 గంటలకు మళ్లీ టెస్ట్ చేయండి. అప్పుడు వేగం వస్తే రద్దీయే కారణం. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఫోన్‌లో స్పీడ్ బాగుండి, అదే ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్‌లో రాకపోతే, చాలావరకు హాట్‌స్పాట్ కోటా అయిపోయి కంపెనీ వేగం తగ్గించిందన్నమాట.

రద్దీకి మందు రెండో నెట్‌వర్క్. ఈసిమ్‌తో (కార్డు లేకుండా ఫోన్‌లోనే వేసుకునే సిమ్) పది నిమిషాల పని, కాకపోతే ఒక జాగ్రత్త. కొన్ని సిమ్ కంపెనీలు పెద్ద కంపెనీల టవర్లనే వాడుకుంటాయి: విజిబుల్ నడిచేది వెరైజన్ టవర్ల మీద, మింట్‌ది టీ-మొబైల్, క్రికెట్‌ది ఏటీ అండ్ టీ. పేరు వేరైనా టవర్ అదే అయితే రెండో సిమ్ ఉన్నా లేనట్టే. క్యాంప్‌గ్రౌండ్ వైఫైని ఆఫీసు పనికి లెక్కలో వేసుకోకండి. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకేసారి వీడియోలు పెడతారు, అంతే సంగతులు.

ఇక సిగ్నలే బలహీనంగా ఉంటే? ఆర్‌వీ లోపల ఒకసారి, బయటికొచ్చి ఒకసారి ఆర్‌ఎస్‌ఆర్‌పీ చూడండి. చాలా ఆర్‌వీలకు అల్యూమినియం రేకు తొడుగు, కొన్నింటికి గోడల్లో ఫాయిల్ కూడా ఉంటాయి. లోపలికీ బయటికీ 10 డీబీ (ఆర్‌ఎస్‌ఆర్‌పీలో 10 అంకెల) తేడా ఉందంటే, సిగ్నల్‌లో పదింట తొమ్మిది వంతులు గోడే మింగేసింది. హాట్‌స్పాట్ పరికరాన్ని (లేదా ఫోన్‌ని) కిటికీ అద్దం దగ్గరికి జరపడమే మొదటి వైద్యం, పైసా ఖర్చు లేదు.

చాలకపోతే బయట 2×2 మైమో యాంటెన్నా (ఒకేసారి రెండు దారుల్లో సిగ్నల్ పంపి, అందుకునేది) పెట్టి, దాన్ని నేరుగా హాట్‌స్పాట్‌కో రౌటర్‌కో కలపండి. అద్దె బండి కప్పుకి రంధ్రం చేయకూడదు. అయస్కాంతం స్టాండ్ కూడా పనికిరాదు. కప్పు చాలావరకు ఫైబర్‌గ్లాసో, రబ్బరో, అల్యూమినియమో అయి ఉంటుంది, దేనికీ అయస్కాంతం అంటుకోదు. పెయింటర్లు వాడే పొడిగించే కర్రను వెనక నిచ్చెనకి బిగించి యాంటెన్నాను పైకెత్తండి. దిశ చూసే యాంటెన్నా అయితే 45 డిగ్రీల చొప్పున తిప్పుతూ, ప్రతిచోటా ఒక నిమిషం ఆగి ఎస్‌ఐఎన్‌ఆర్ రాసుకోండి. కేబుల్ పొడవు పెంచకండి. ఎల్‌ఎమ్‌ఆర్-240 కేబుల్ 25 అడుగులుంటే, 1900 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు సగం సిగ్నల్ దార్లోనే పోతుంది. హాట్‌స్పాట్‌కి ఉండే టీఎస్9 సాకెట్ చాలా సుకుమారం. కేబుల్ బరువు దాని మీద పడకుండా టేపు వేయండి.

బూస్టర్ పనికొచ్చేది ఎప్పుడంటే, సిగ్నల్ మైనస్ 110 దగ్గర కొట్టుమిట్టాడుతూ, అప్‌లోడ్ వెళ్లక మీ గొంతు అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నప్పుడు. మామూలు బూస్టర్‌కి బయట ఒకే యాంటెన్నా. అందుకే మైమో లాభం పోయి, డౌన్‌లోడ్ ఒక్కోసారి తగ్గుతుంది కూడా. బయటి యాంటెన్నా, లోపలిది దగ్గరగా ఉంటే ఒకదాని సిగ్నల్ మరొకటి పట్టుకుని తిరుగుతుంది. మైకు స్పీకర్ ముందు పెడితే కీచుమన్నట్టే. అప్పుడు బూస్టర్ తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. వాటి మధ్య దూరం పెంచండి. ఫోన్‌ని మాత్రం లోపలి యాంటెన్నా పక్కనే, ఒకటి రెండు అడుగుల్లో ఉంచండి.

టవరే లేని చోట స్టార్‌లింక్ లాంటి ఉపగ్రహ ఇంటర్నెట్ తప్ప దారి లేదు. దానికి ఆకాశం తెరిపిగా కనపడాలి, అమెరికాలో ముఖ్యంగా ఉత్తరం వైపు. నీడ కోసం పైన్ చెట్ల కింద సైట్ బుక్ చేసుకుంటే కాల్ మధ్యలో కొన్ని సెకన్ల పాటు ఆగి ఆగి వస్తుంది. ఆర్‌వీ నిలిపే ముందే యాప్‌లో అడ్డంకుల పరీక్ష చేయండి. స్టార్‌లింక్ చిన్న డిష్ అయిన మినీ సగటున 25 నుంచి 40 వాట్లు తింటుంది. 30 వాట్ల చొప్పున 8 గంటలకు 240 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీలో 20 ఆంపియర్-అవర్లు. పెద్ద డిష్ అయితే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 50 ఆంపియర్-అవర్ల పైనే. సగానికి మించి వాడకూడని 100 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీకి అది మోయలేని భారం.

మినీని 12 వోల్టుల మీద సన్నని, పొడవాటి వైరుతో నడిపితే మొదలయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ లాగి, వోల్టేజీ పడిపోయి, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. డిష్ పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే. వైరు మందం పెంచండి, లేదా 12ని 24 వోల్టులకు పెంచే కన్వర్టర్‌ని బ్యాటరీ పక్కనే పెట్టి అక్కణ్నుంచి పొడవు వైరు లాగండి.