సాఫ్ట్‌వేర్ ఉచితం, రికవరీకి 12 వేలు! దోపిడీనా, కష్టార్జితమా? బెజవాడ స్టూడియో చర్చ పూర్తి పాఠం

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట వినిపించినంత వరకే రాశాం. అతిథుల పేర్లు వదిలేసి, చేసే పనితో సూచించాం.)

యాంకర్: నమస్కారం. ఈ వారమంతా మన బెజవాడ ఫోన్లలో తిరుగుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. పెళ్లి ఫొటోలున్న మెమరీ కార్డు పొరపాటున ఫార్మాట్ అయింది. పెళ్లికూతురి అన్నయ్య దాన్ని ఓ షాపుకి పట్టుకెళ్లాడు. ఫొటోలు తీసిచ్చారు, 12 వేలు తీసుకున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్లు వాడింది ఫొటోరెక్ అనే, పోయిన ఫొటోలు వెతికి తీసే సాఫ్ట్‌వేర్ అట. నెట్‌లో పైసా కట్టకుండా ఎవరైనా దింపుకోవచ్చు. ఇది సేవా, దోపిడీనా? ఇలాంటి షాపుల్లో ప్రభుత్వమే రేటు బోర్డు పెట్టించాలా? నలుగురు అతిథులున్నారు, నలుగురికీ సమానంగా సమయం ఇస్తానని మాట ఇస్తున్నా. ముందు గవర్నర్‌పేటలో కంప్యూటర్ సర్వీస్ షాపు నడిపే సార్. వీడియోలో ఉన్నది మీ షాపు కాదు కదా?

షాపు యజమాని: కాదండీ, ఆ షాపాయన నాకు తెలుసు, అంతే. ఒక్క మాట అడుగుతా. సెలూన్‌కెళ్లి కత్తెర ఎంతకు కొన్నావని అడిగి కటింగ్‌కి డబ్బులిస్తామా?

న్యాయవాది: కత్తెర ఆయన కొనుక్కున్నాడు కదండీ. ఇక్కడ అదీ కొనలేదు.

షాపు యజమాని: పూర్తి చేయనివ్వండి లాయర్ గారూ. కార్డు రాగానే ఫొటోరెక్ నొక్కి టీ తాగడానికి వెళ్లిపోతామనుకుంటున్నారు జనం. ముందు కార్డు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, వేరే డిస్కులోకి తీసుకోవాలి. కార్డు చచ్చే దశలో ఉంటే ఆ నకలు తీయడానికి డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాలి. అది చదవగలిగినంత ముందు లాగేసుకుని, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎవరిది? నాది. ఆ డిస్కు ఎవరిది? నాది. ఆ తర్వాత...

యాంకర్: ఆ తర్వాత 12 వేలు! మేడమ్, మీరు ఇంజనీరింగ్ కాలేజీలో చెప్తారు కదా. అసలు ఫార్మాట్ అయిన కార్డులోంచి ఫొటోలెలా వస్తాయి?

లెక్చరర్: క్విక్ ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా ఫొటోలు అక్కడే ఉంటాయండి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒక్కటే ఖాళీ అవుతుంది. ఫొటోరెక్ ఆ పట్టిక జోలికే పోదు. కార్డును మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతుంది. జేపెగ్ ఫొటో ఏదైనా మొదలయ్యే బైట్లు ఒకటే ఉంటాయి, ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అని. అవి కనబడ్డచోట ఇక్కడో ఫొటో మొదలైందని...

యాంకర్: మరీ లోతుకు వెళ్లిపోతున్నాం మేడమ్. రేటు బోర్డు ఉండాలా, వద్దా?

లెక్చరర్: దానికి ముందు ఒకటి చెప్పాలి, చూసేవాళ్లకి అదే ముఖ్యం. కార్డు ఫార్మాట్ అయిందని తెలిసిన క్షణం నుంచి దాంతో ఇంకో ఫొటో తీయకూడదు. కొత్త ఫొటో పాతదాని మీద కూర్చుందంటే...

షాపు యజమాని: అదే! మేడమ్ గారు నా మాటే చెప్తున్నారు. జనం ఏం చేస్తారు? నెట్‌లో వీడియో చూసి ఇంట్లోనే మొదలెడతారు. బయటికొచ్చిన ఫొటోల్ని మళ్లీ అదే కార్డులో సేవ్ చేస్తారు. సగం వాళ్లే చెరిపేసుకుని అప్పుడొస్తారు నా దగ్గరికి. ఇంకోటి, ఫొటోరెక్‌తో వచ్చే ఫైళ్లకి పాత పేర్లు రావు. ఎఫ్ అని పెట్టి పొడుగాటి అంకెలు. వేల ఫైళ్లు, మధ్యలో చిన్న చిన్న థంబ్‌నెయిల్ ముక్కలు. వాటిలో తలంబ్రాలు ఏవి, రిసెప్షన్ ఏది, ఎవరు విడదీస్తారు?

లెక్చరర్: ఫొటో లోపల తీసిన తేదీ, టైము ఉంటాయి కదండీ. డిజీకామ్ అని ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వేస్తే వరసగా సర్దేస్తుంది. అదీ ఉచితమే.

షాపు యజమాని: కెమెరాలో టైము సరిగ్గా పెట్టిన ఫొటోగ్రాఫర్‌ని చూపించండి నాకు!

(నవ్వులు.)

యాంకర్: లాయర్ గారూ, నేను మొదట్నుంచీ అడుగుతున్నది మీరైనా చెప్పండి. రేటు బోర్డు?

న్యాయవాది: రేటు బోర్డు కన్నా ముందు బిల్లు సంగతి చూడాలి. వీడియోలో ఆ అబ్బాయి ఏమన్నాడో ఎవరూ పట్టించుకోలేదు. 'బిల్లు ఇవ్వలేదు' అన్నాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవ చేసి బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. సాఫ్ట్‌వేర్ ఉచితమా కాదా అన్నది నాకు అనవసరం. 12 వేలలో దేనికెంత అని ముందే చెప్పారా?

షాపు యజమాని: డాక్టరు గారు చెప్తారా ముందే?

న్యాయవాది: డాక్టరు గారి సంగతి వేరే రోజు పిలవండి, వచ్చి మాట్లాడతా.

యాంకర్: మంచి పాయింట్ వచ్చింది. ఆస్పత్రుల్లో రేటు బోర్డులుంటాయి. మరి డేటా రికవరీకి ఎందుకు ఉండకూడదు? గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన ప్లేస్కూల్ మేడమ్ ఇంతవరకు మాట్లాడలేదు. మేడమ్, మీకూ దీనికీ ఏమిటి సంబంధం?

ప్లేస్కూల్ మేడమ్: ఆ వీడియో వచ్చాక మా పేరెంట్స్ నన్ను పట్టుకున్నారండి. మా దగ్గర మూడు పాత కంప్యూటర్లున్నాయి. వాటిలో పిల్లల ఆటలున్న జీకాంప్రీ, బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్ పెట్టాం. రెండూ ఉచితమే. 'ఉచిత ఆటలాడిస్తూ మా దగ్గర యాక్టివిటీ ఫీజు తీసుకుంటారా' అని ఒకాయన గేటు దగ్గరే గొడవ.

యాంకర్: ఆసక్తికరంగా ఉంది! ప్లేస్కూళ్లకీ రేటు బోర్డు...

ప్లేస్కూల్ మేడమ్: ఆట గురించి కొంచెం చెప్పనివ్వండి. జీకాంప్రీ రెండేళ్ల నుంచి పదేళ్ల పిల్లల దాకా పనికొస్తుంది. రెండేళ్లవాళ్లకి మౌస్ పట్టుకోవడమే రాదు. అందులో ఒక ఆటలో తెర నిండా గళ్లుంటాయి. మౌస్ కదిపితే గళ్లు చెరిగి కింద జంతువు బొమ్మ బయటపడుతుంది. క్లిక్ కూడా అక్కర్లేదు. మా దగ్గర ఒక పాప అన్నం తినడం మానేసి మరీ దాని ముందు కూర్చుంటుంది. టక్స్ పెయింట్‌లో సేవ్ చేసేటప్పుడు పేరు అడగదు. తర్వాత తెరవాలంటే బొమ్మ చూసి ఎంచుకోవడమే. అక్షరాలు రాని పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేశారు. ప్రకటనలుండవు. ఏదో నొక్కితే డబ్బులు పోయే బటన్లుండవు. ఫోన్‌లో ఉచిత ఆటలని దింపుకునేవాటికీ వీటికీ...

షాపు యజమాని: ఆ కంప్యూటర్లు పాతవన్నారు. ఎవరు బాగు చేశారు? నాలాంటివాడే కదా! విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అది లేని మెషీన్లు పారేసుకోవాలా? నేను విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తున్నా. మింట్ ఉచితం. నా కష్టం ఉచితం కాదు. జీకాంప్రీ చేసినవాళ్లే కొన్నేళ్లపాటు విండోస్‌లో పూర్తి ఆట కావాలంటే డబ్బు కట్టించుకున్నారు. తెలుసా మీకు?

లెక్చరర్: అది నిజమేనండి. ఇప్పుడైతే అంతా ఉచితం. ఫొటోరెక్, జీకాంప్రీ లాంటివాటి లైసెన్సు డబ్బు తీసుకోవద్దని ఎక్కడా అనదు. ఏ పనికైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. ఫొటోరెక్ రాసింది క్రిస్టాఫ్ గ్రెనియే అని ఫ్రాన్స్ ఆయన. పోయిన పార్టిషన్లు, అంటే డిస్కులోని భాగాలు, వెతికే టెస్ట్‌డిస్క్ కూడా ఆయనదే. ఇష్టమైనవాళ్లు విరాళం పంపొచ్చు. వాటి మీద ఇంత సంపాదించే షాపులు ఆయనకి ఎప్పుడైనా...

షాపు యజమాని: మేడమ్ గారు ఒప్పుకున్నారు! లైసెన్సు డబ్బు తీసుకోమంటోంది!

లెక్చరర్: తీసుకోమనలేదు, వద్దనలేదు అన్నాను.

షాపు యజమాని: రెండూ ఒకటే కదండీ.

(ఈపాటికి సమాన సమయం మాట అందరూ మర్చిపోయారు, మాట ఇచ్చినాయన కూడా.)

యాంకర్: సింగ్‌నగర్ నుంచి ఫోన్ లైన్లో ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నారు. చెప్పండి అన్నా.

ఫోన్‌లో ఫొటోగ్రాఫర్: నమస్తే అండీ. 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా స్టూడియో మునిగింది. హార్డ్ డిస్కులు నీళ్లలోనే ఉన్నాయి. ఎండబెట్టి కంప్యూటర్‌కి పెడితే కిర్రుమన్నాయి. ఈ ఫొటోరెక్ ఏదో వేస్తే వస్తాయా?

లెక్చరర్: నీళ్లలో మునిగిన డిస్కుకి కరెంటు ఇవ్వకూడదండీ. శబ్దం వచ్చిందంటే లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు. తిప్పినకొద్దీ డేటా ఉండే పళ్లెం మీద గీతలు పడతాయి. దానికి ఏ సాఫ్ట్‌వేర్ పనిచేయదు, క్లీన్ రూమ్, అంటే దుమ్ము లేని గది, ఉన్న ల్యాబుకి వెళ్లాల్సిందే. మీరు మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా...

షాపు యజమాని: అన్నా, మనం విడిగా మాట్లాడుకుందాం. ముందు నాకు తీసుకురండి.

లెక్చరర్: ఆయన దగ్గర క్లీన్ రూమ్ ఉందేమో ముందు అడగండి.

షాపు యజమాని: చూడటానికి కూడా డబ్బులు తీసుకుంటానా నేను?

యాంకర్: వరద బాధితులకైనా రేటు బోర్డు ఉంటే... సరే, లైన్ కట్ అయింది. ఇంకో కాల్, కృష్ణలంక నుంచి.

ఫోన్‌లో మహిళ: మా అబ్బాయి ఫోన్‌లో డిలీట్ చేసిన వాట్సాప్ మెసేజులు చూడాలంటే ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుందండీ?

(స్టూడియోలో కాసేపు అందరూ ఒకేసారి. 'అబ్బాయి వయసెంతమ్మా' అన్న న్యాయవాది మాట ఒక్కటే వినబడుతుంది.)

లెక్చరర్: ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేనిదే చదవలేని కోడ్‌గా మారి, ఉంటుంది. చెరిపిన చోటుని ఫోనే శుభ్రం చేసేసుకుంటుంది. మెమరీ కార్డులా కుదరదు. లాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు బదులు ఉండే ఎస్‌ఎస్‌డీలోనూ చాలావరకు ఇదే ఇబ్బంది. అందుకే బ్యాకప్...

యాంకర్: బ్యాకప్ మీద ఇంకో రోజు మాట్లాడుకుందాం మేడమ్. లాయర్ గారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతున్నారు.

న్యాయవాది: సార్‌ని సూటిగా అడుగుతున్నా. మీ షాపుకి వచ్చే కంప్యూటర్లలో విండోస్, ఫొటోషాప్ కొన్న కాపీలే ఎక్కిస్తారా? కాపీరైట్ చట్టంలో 63బీ అని ఒక సెక్షనుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాకపోతే కోర్టు జైలు లేకుండా వదిలే వీలుంది. ఫొటోషాప్‌లో పెళ్లి కరిజ్మా ఆల్బమ్ కొట్టేవాళ్లది వ్యాపారమే మరి.

షాపు యజమాని: కస్టమర్ తెచ్చుకున్నది నేను వేస్తా. ఆయన దాన్ని ఎక్కడ తెచ్చుకున్నాడని అడగడానికి నేను పోలీసునా?

న్యాయవాది: అదీ ఒక జవాబే, రికార్డయింది.

షాపు యజమాని: సరే, మీ ఆఫీసులో పిటిషన్లు దేంట్లో కొడతారు?

న్యాయవాది: లిబ్రెఆఫీస్‌లో.

షాపు యజమాని: (చేత్తో టేబుల్ కొడుతూ) చూశారా! చూశారా యాంకర్ గారూ! పైసా పెట్టని సాఫ్ట్‌వేర్‌లో పిటిషన్ కొట్టి క్లయింటు దగ్గర వేలు తీసుకుంటారు. నేను చేస్తే దోపిడీ!

(పెద్దగా నవ్వులు, చప్పట్లు.)

న్యాయవాది: నేను రసీదు ఇస్తానండీ. నా గొడవంతా... (వినబడలేదు)

యాంకర్: అద్భుతం! ఇది రేపు క్లిప్‌గా వెళ్లిపోతుంది. లాయర్ గారికి కూడా రేటు బోర్డు పెట్టాలేమో.

న్యాయవాది: రసీదు ఇస్తానన్నాను. ఆ మాట కూడా క్లిప్‌లో ఉంచండి.

ప్లేస్కూల్ మేడమ్: నేను ఒకటి అడగాలి. మా ఫీజు ఆయాకి, కరెంటుకి, పిల్లల పక్కన కూర్చునే టీచర్‌కి పోతుంది. అది పేరెంట్స్‌కి ఎలా చెప్పాలి? దాని మీద ఎవరైనా...

యాంకర్: చాలా మంచి ప్రశ్న మేడమ్, సమయం మాత్రం రెండు నిమిషాలే ఉంది. సార్, ముగింపుగా మీరు.

లెక్చరర్: నాకు ఒక్క వాక్యం ఇవ్వండి. ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో కస్టమర్‌కి చెప్పండి. సొంతంగా చేసుకోగలిగినవాళ్లు చేసుకుంటారు, చేతకానివాళ్లు మీకే డబ్బులిస్తారు. దాచడం దేనికి?

షాపు యజమాని: చెప్తే పక్క షాపువాడు కూడా అదే పెడతాడు మేడమ్. మీది గవర్నమెంటు జీతం.

లెక్చరర్: మాది ప్రైవేటు కాలేజీ అండి. జీతం సంగతి అడక్కండి.

షాపు యజమాని: సరే, వదిలేద్దాం. నేను చెప్పేదేంటంటే, వీడియోలు పెట్టి ఒక కుటుంబం పొట్ట కొట్టకండి. ఆ అబ్బాయికి చెల్లెలి పెళ్లి ఫొటోలు వచ్చాయా లేదా? వచ్చాయి. అవి లేకపోతే 12 లక్షలిచ్చినా మళ్లీ పెళ్లి చేస్తారా? రేటు బోర్డు పెట్టమంటే పెడతా. ముందు మీ చానల్‌లో ప్రకటన రేటు బోర్డు పెట్టండి.

యాంకర్: (నవ్వుతూ) బంతి మా కోర్టులో వేశారు. ప్రేక్షకులారా, రికవరీ షాపులకి రేటు బోర్డు కావాలా వద్దా, అవును లేదా కాదు అని మాకు రాయండి.

న్యాయవాది: బిల్లు గురించి కూడా అడగండి.

యాంకర్: ఒకే ప్రశ్న లాయర్ గారూ, రెండైతే జనం కన్ఫ్యూజ్ అవుతారు.

షాపు యజమాని: కార్డులు, పెన్‌డ్రైవ్‌లు ఫార్మాట్ అయినవాళ్లు కంగారుపడకుండా గవర్నర్‌పేటలో రెండో సందు, మెడికల్ షాపు పక్కన...

యాంకర్: సార్, ప్రచారం వద్దు.

షాపు యజమాని: ఆదివారం కూడా తెరిచే ఉంటుంది.