మాటలు వెనక్కి తిరిగే చోటు: ఆదివారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. తిరుపతి స్టూడియో నుంచి ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. చాలా ఏళ్లు వేదాంత పాఠం చెప్పి రిటైరైన ఆచార్యులవారు మనతో ఉన్నారు. పోయిన వారం మాండూక్య ఉపనిషత్తు ప్రస్తావన వచ్చింది. అప్పటి నుంచి ఒకటే ప్రశ్న రకరకాలుగా అడుగుతున్నారు: అద్వైత చైతన్యం, అంటే రెండోది లేని ఎరుక, మాటకు అందదంటారు, మరి దాని గురించి మాట్లాడేదెలా? మొదటి కాల్ చిత్తూరు నుంచి. చెప్పండి సార్.

చిత్తూరు శ్రోత: నమస్కారం సామీ. బ్యాంకులో చేసి రిటైరయినాను. తెల్లారుజామున కాసేపు ధ్యానంలో కూర్చుంటాను. ఈమధ్య ఒకరోజు ఉన్నట్టుండి ‘నేను కూర్చున్నాను’ అనే తలంపే లేకుండా పోయింది. నిద్ర మాత్రం కాదు సామీ. పక్కింట్లో నీళ్ల మోటారు మోత వినపడతానే ఉంది. కానీ మోత ఒకటి, వినే నేను ఒకటి అన్నట్టు లేదు. ఇంట్లో చెప్తే బీపీ చూపించుకోమన్నారు. నోటుబుక్కులో రాద్దామంటే, రాసింది చదువుకుంటే నాకే అబద్ధంలా ఉంది. రాయడం, చింపడం, ఇదే పని. ఎట్లా చెప్పాలి దీన్ని?

ఆచార్యులు: బీపీ చూపించుకోండి, తప్పేం లేదు, ఇంట్లోవాళ్లు మీ మేలు కోరే అన్నారు. ఇక నోటుబుక్కు సంగతి. గీత పదమూడో అధ్యాయానికి భాష్యం రాస్తూ శంకరులు ఒక మాట అన్నారు. ఏ మాటైనా ఒక వస్తువును చెప్పాలంటే దానికి జాతి, క్రియ, గుణం, సంబంధం, వీటిలో ఒకటైనా ఉండాలి. ఆవు, గుర్రం అన్నప్పుడు జాతి. వండుతున్నాడు, చదువుతున్నాడు అంటే క్రియ. తెల్లనిది, నల్లనిది అంటే గుణం. ధనవంతుడు, గోవులున్నవాడు అంటే సంబంధం. మీరేం రాశారు?

చిత్తూరు శ్రోత: ‘ఎంతో ప్రశాంతంగా ఉంది’ అని రాసినాను. ‘నేను కరిగిపోయాను’, ‘శబ్దంలో కలిసిపోయాను’ అని కూడా.

ఆచార్యులు: ప్రశాంతం గుణం. కరగడం క్రియ. కలవడం సంబంధం, దానికి ఇద్దరు కావాలి. మీరు చెప్పాలనుకున్నదేమో ఇద్దరు లేరని. అందుకే చదివితే అబద్ధంలా ఉంది. మీకు రాయడం చేతకాక కాదు, ఆ పని మాటల చేతిలో లేదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో ‘విజ్ఞాతారమరే కేన విజానీయాత్’ అంటాడు. అన్నిటినీ తెలుసుకుంటున్నవాణ్ణి దేనితో తెలుసుకుంటావమ్మా అని. ఆత్మ ఎక్కడో దూరాన ఉండి మాటకు అందకపోతే, ఇంకాస్త సాధన చేసి దగ్గరికి పోదాం అనుకోవచ్చు. ఇక్కడ దూరమే లేదు. వర్ణించడానికి కూర్చున్నవాడే అది. నా ఇన్నేళ్ల పాఠంలో పిల్లలు బాగా తడబడింది ఇక్కడే.

చిత్తూరు శ్రోత: అయితే నాకు కలిగింది ఆత్మానుభవమేనా సామీ?

ఆచార్యులు: ఉన్నదున్నట్టు చెప్తాను, నొచ్చుకోకండి. ఆ రోజు వచ్చి, ఆ రోజే పోయింది కదా? వచ్చిపోయేది ఎంత గొప్పదైనా మనసు స్థితే. అది వచ్చిందనీ పోయిందనీ తెలిసింది చూడండి, ఆ తెలివి రాలేదు, పోలేదు. మోటారు మోత విన్నప్పుడు ఉంది, ఇప్పుడు నాతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడూ ఉంది. గౌడపాదులు మాండూక్యాన్ని వివరిస్తూ రాసిన శ్లోకాల్లో, అంటే మాండూక్య కారికల మూడో ప్రకరణంలో ‘నాస్వాదయేత్ సుఖం తత్ర’ అని హెచ్చరిస్తారు. సమాధిలో కలిగే సుఖాన్ని చప్పరిస్తూ కూర్చోవద్దని. నోటుబుక్కు చింపకండి. మోటారు మోత, ఊపిరి, మనసు తేలికపడటం, ఇవన్నీ రాయదగినవే, రాయండి. దానికి ‘బ్రహ్మం’ అని పేరు మాత్రం పెట్టకండి. రేపు మళ్లీ అట్లా జరగకపోతే పోగొట్టుకున్నానని టెన్షన్ పడతారు.

వ్యాఖ్యాత: మంచిదండీ. శ్రీకాళహస్తి నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రీకాళహస్తి శ్రోత: నమస్కారం గురువుగారూ. మా గుళ్లో వాయులింగం దగ్గర గాలి చొరబడకపోయినా దీపం కదులుతుంది. గాలి కనపడదు, దీపాన్ని బట్టి ఉందని తెలుసుకుంటాం. ఆత్మ కూడా అట్లానే కదా అని మా భజన బృందంలో అనుకున్నాం.

ఆచార్యులు: చక్కగా అనుకున్నారమ్మా. సగం దూరం వస్తుంది ఈ పోలిక. దీపం కదలికను చూసి, మనకు వేరుగా ఉన్న గాలిని ఊహిస్తున్నాం. మరి మీరున్నారని మీకు తెలియడానికి ఏ దీపం కదలాలి? ఊహించే పని లేకుండానే తెలిసిపోతోంది. కేనోపనిషత్తు అక్కడికి కన్ను పోదు, వాక్కు పోదు, మనసూ పోదు అంటుంది. అది కనపడని ఇంకో వస్తువని దాని అర్థం కాదు.

శ్రీకాళహస్తి శ్రోత: మా గుళ్లోనే దక్షిణామూర్తి స్వామి ఉన్నాడు. మౌనంగానే బోధించాడంటారు. మరి మేము మాట్లాడుకోవడం దండగా?

ఆచార్యులు: కాదమ్మా, కాదు! బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయానికి భాష్యం రాస్తూ శంకరులు ఒక కథ ఎత్తుకుంటారు. బాష్కలి అనే శిష్యుడు బాధ్వుణ్ణి బ్రహ్మం గురించి చెప్పమంటాడు. ఆయన ఊరుకుంటాడు. రెండోసారి అడుగుతాడు, మూడోసారి అడుగుతాడు. అప్పుడు బాధ్వుడు, ‘చెబుతూనే ఉన్నాం, నీకే అర్థం కావడం లేదు. ఉపశాంతోఽయమాత్మా’ అంటాడు. ఈ ఆత్మ ఉపశాంతం, అంటే అంతా అణగి నిశ్చలంగా ఉన్నదని. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది. మౌనం గురించిన ఈ కథను శంకరులు ఎక్కడ చెప్పారు? అంత పెద్ద భాష్యం మధ్యలో. పైగా మౌనంగా ఉన్న బాధ్వుడు కూడా చివరికి నోరు విప్పి ఒక ముక్క చెప్పాల్సి వచ్చింది. లేకపోతే ఆ కుర్రవాడు ఉత్త చేతులతో పోయేవాడు. తెలియనితనాన్ని కప్పుకోవడానికి మౌనం పట్టకూడదు. మీ బృందం మాట్లాడుకోవాలి, బాగా మాట్లాడుకోవాలి.

వ్యాఖ్యాత: తరువాత కాల్ తిరుపతి నుంచే, ఎమ్మే చదువుతున్న అబ్బాయి.

తిరుపతి విద్యార్థి: సార్, నేతి నేతి, అంటే ‘ఇది కాదు, ఇది కాదు’ అని అన్నీ కాదంటూ పోతే చివరికి శూన్యమే కదా మిగిలేది?

ఆచార్యులు: కాదనేవాడు మిగిలాడా లేదా? ‘తాడే, పాము కాదు’ అనాలంటే తాడు ఉండాలి. నిజమైనదేదో ఒకటి ఉంటేనే, దాన్ని ఆధారం చేసుకుని, నిజం కానిదాన్ని కాదనగలం అని శంకరులే అన్నారు. మాండూక్యం ఏడో మంత్రం చూడు నాయనా. లోపలి ప్రజ్ఞ కాదు, బయటి ప్రజ్ఞ కాదు, కనపడదు, పట్టు దొరకదు, ఊహకు రాదు, చెప్పడానికి వీలుకాదు అంటూ పోయి, ‘ఏకాత్మప్రత్యయసారం’, అంటే ఆత్మ ఒక్కటే అన్న ఎరుకే సారమైనది అన్న మాట దగ్గర నిలబడుతుంది. ‘శాంతం శివమద్వైతం’ అంటుంది. శూన్యమే చెప్పదలిస్తే ఈ మాటలెందుకు? పరీక్షలో కూడా ‘కాదు’ల జాబితా రాసి వదిలేయకు, ఇంతవరకూ రాయి.

వ్యాఖ్యాత: గోవిందరాజస్వామి గుడి దగ్గర నుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి వేచి ఉన్నారు.

పెద్దాయన: అడియేన్, దాసుణ్ణి. మాది రామానుజ సంప్రదాయం. ఏ గుణమూ లేదు, ఏ మాటా చెప్పలేదు అంటే, అసలు ఆ వస్తువు ఉందని మీకెవరు చెప్పారు స్వామీ? వర్ణించడం కష్టమని చెప్పేకంటే, అట్లాంటిది లేదని ఒప్పుకోవచ్చు కదా?

ఆచార్యులు: దాసోహం స్వామీ. దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే కొట్టారు. శ్రోతలకు చెప్పాలి, ఇది బ్రహ్మసూత్రాలకు రామానుజులవారు రాసిన శ్రీభాష్యంలో, మొదటి సూత్రం దగ్గరే ఉన్న ఆక్షేపం. ఎదురుగా తెలిసే ప్రత్యక్షం, ఊహించి తేల్చే అనుమానం, శాస్త్రవాక్యమైన శబ్దం, మనం తెలుసుకునే ఏ ప్రమాణమైనా గుణాల్లాంటి విశేషాలున్న వస్తువునే చూపిస్తుంది. మాట అంటేనే మూలరూపమైన ప్రకృతి, దానికి చేరే ప్రత్యయం కలిసినది, అందులోనే భేదం ఉంది, అది భేదం లేనిదాన్ని ఎట్లా చెబుతుంది అని రామానుజులవారు అడిగారు. ‘నేతి’ని కూడా గుణాలు లేవని కాదు, ఇంతమాత్రమే కాదు అని చెప్పారు. తైత్తిరీయంలో ‘యతో వాచో నివర్తంతే’ అని ఉంది కదా, మనసుతోపాటు మాటలు అందుకోలేక వెనక్కి తిరిగొస్తాయని. మీ దారిలో, ఆ ఆనందానికి కొలత లేదు కాబట్టి కొలవబోయి తిరిగొచ్చాయి. శంకరుల దారిలో, అక్కడ పట్టుకోవడానికి రెండోది లేదు కాబట్టి తిరిగొచ్చాయి. తిరిగొచ్చాయన్న చోట ఇద్దరికీ తగువు లేదు.

పెద్దాయన: తిరిగొచ్చాక ఏం చేయాలన్న చోట ఉంది తగువు. మేం భగవంతుడి కల్యాణగుణాలు పాడుతూనే ఉంటాం.

ఆచార్యులు: పాడాలి స్వామీ. అద్వైతులు కూడా మాటను వదల్లేదు. ముందు ‘జగత్తుకు కారణం’ అని ఒక గుణం ఆరోపించి, శిష్యుడి చూపు అటు తిప్పి, తరువాత ఆ ఆరోపాన్ని తీసేస్తారు. దీన్నే అధ్యారోప అపవాదం అంటారు. మాట వర్ణించదు, పొరపాటు తీసేస్తుంది. మీ ఆక్షేపానికి ఇది పూర్తి సమాధానమని నేననను. కానీ మీ ప్రశ్నను ఎదుర్కోని అద్వైతి తన సిద్ధాంతాన్ని సరిగా చదవలేదనే అంటాను.

వ్యాఖ్యాత: సమయం తక్కువుంది. చివరి కాల్, పలమనేరు నుంచి.

పలమనేరు శ్రోత: సార్, మా ఆయన ఫోన్లో వేదాంత ప్రసంగాలు వింటా ఉంటారు. ఆర్నెల్లుగా అంగడికి సరిగా పోవడం లేదు. అడిగితే ‘అంతా ఒకటే, నువ్వు లేవు, నేను లేను, అప్పూ లేదు’ అంటారు. పాప ఫీజు కట్టాలి. నేనేం చెప్పేది సార్?

ఆచార్యులు: అమ్మా, ఆకలైతే అన్నం అడుగుతున్నారా?

పలమనేరు శ్రోత: అడుగుతారు సార్. కారం తక్కువైతే కోప్పడతారు కూడా.

ఆచార్యులు: అయితే వ్యవహారం నడుస్తూనే ఉంది, ఫీజు కూడా అందులోదే. జ్ఞానం కలిగేదాకా లోకవ్యవహారమంతా సత్యమే అని శంకరులు స్పష్టంగా రాశారు. మాటకు అందనిదాన్ని తెచ్చి అప్పులవాడికి జవాబుగా వాడటం వేదాంతం కాదు. తరిగొండ వెంగమాంబ మన ప్రాంతపు ఆవిడే. ‘రాజయోగామృతసారం’ అనే వేదాంత గ్రంథం రాసిన చేత్తోనే తిరుమలలో స్వామికి ముత్యాల హారతి ఇచ్చింది. ఆయనతో వాదించకమ్మా, గెలవలేవు. ఆ ప్రసంగాలు ఒంటరిగా వినకుండా, ఎదురుగా కూర్చుని ప్రశ్నించే గురువు దగ్గరికి తీసుకెళ్లు. ఇంకొకటి, నిద్ర బాగా పడుతోందా? మునుపటిలా నలుగురితో కలుస్తున్నారా?

పలమనేరు శ్రోత: లేదు సార్. రాత్రంతా మేలుకునే ఉంటారు. ఎవరితోనూ మాట్లాడరు.

ఆచార్యులు: అయితే గురువు కంటే ముందు డాక్టరమ్మా. ఈ వారంలోనే తీసుకెళ్లు. ఊరికే నీరసమని చెప్పి ఊరుకోవద్దు. నిద్ర లేదని, ‘నేను లేను’ అంటున్నారని, అంగడికి పోవడం లేదని మూడూ చెప్పు. రానంటే, ఆయన మాట వినే అన్నగారో స్నేహితుడో ఉంటే వెంట పిలుచుకో. ఫీజు విషయం బడివాళ్లతో మాట్లాడి కొంచెం గడువు అడుగు.

వ్యాఖ్యాత: అమ్మా, లైన్ పెట్టేయకండి, మా వాళ్లు మీతో మాట్లాడతారు. శ్రోతలారా, లైన్లో మిగిలినవారి ప్రశ్నలు వచ్చే ఆదివారం తీసుకుంటాం. నమస్కారం.