ఫాస్టిడియస్: ఏవగింపులోంచి పుట్టిన మాట

నమస్తే అండీ. హోటల్లో సర్వర్ నీళ్ల గ్లాసు పెట్టగానే మా పెదనాన్న దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తారు. అంచు మీద వేలిముద్ర కనబడిందా, "బాబూ, ఇది మార్చు" అంటారు. రెండోది కూడా మార్పిస్తారు. మూడోదాన్ని జేబురుమాలుతో తనే తుడుచుకుంటారు. ఇలాంటివాళ్ల కోసం ఇంగ్లీషులో ఉన్న మాటే ఈరోజు మనది: ఫాస్టిడియస్.

స్పెల్లింగ్ స్క్రీన్ మీద చూడండి. ఎఫ్, ఏ, ఎస్, టి, ఐ, డి, ఐ, ఓ, యు, ఎస్. పలికేటప్పుడు 'స్టి' దగ్గర నొక్కాలి. మొదట్లో 'ఫాస్ట్' ఉంది కదా అని వేగంతో ముడిపెట్టకండి. ఇలాంటివాళ్ల దగ్గర ఏ పనీ త్వరగా తెమలదు!

ఓ పట్టాన దేనికీ తృప్తి పడకపోవడం, శుభ్రం దగ్గరో చిన్న చిన్న విషయాల దగ్గరో మరీ పట్టింపుగా ఉండటం, ఇదీ అర్థం. "షీ ఈజ్ ఫాస్టిడియస్ అబౌట్ హర్ కిచెన్" అంటే, గ్యాస్ గట్టు తళతళలాడకపోతే ఆవిడకి నిద్రపట్టదన్నమాట. అది మెచ్చుకోలా, దెప్పా అనేది అనేవాళ్ల గొంతు చెబుతుంది.

దీని పుట్టిల్లు లాటిన్. అక్కడ 'ఫాస్టీడియుమ్' అంటే ఏవగింపు, తిండి సహించక ముఖం తిప్పుకోవడం. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చాక కొన్నాళ్లు పొగరుబోతుకి వాడారు, అసహ్యం పుట్టించేదానికీ వాడారు. 17వ శతాబ్దానికి తిరగబడి, ప్రతిదానికీ ముఖం చిట్లించే మనిషి మీదకొచ్చింది.

మా పెద్దమ్మ అయితే "మీ చాదస్తం మండా!" అంటుంది. ఆ మాట కథ ఇంకా బాగుంటుంది. ఛందస్సు అంటే వేదం, ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు. ఆ ఛాందసమే వాడగా వాడగా చాదస్తమైంది. ఇంగ్లీషు మాటకి కాలం గడిచేకొద్దీ కాస్త పరువు దక్కింది, మనదానికి ఉన్నదీ పోయింది.

ల్యాబుల్లో బ్యాక్టీరియాని కూడా ఫాస్టిడియస్ అంటారు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా మామూలు అగార్ మీద, అంటే ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ మీద, పెరగదు. దానికి చాక్లెట్ అగార్ కావాలి. అందులో చాక్లెట్ ఉండదు లెండి, రక్తాన్ని వేడిచేసి కలిపితే ఆ రంగొస్తుంది. ఇంకొకదానికి ఏకంగా పేరే జైలెల్లా ఫాస్టిడియోసా. 2013లో ఇటలీలో బయటపడి ఆలివ్ తోటల్ని ఎండబెట్టింది అదే. ల్యాబులో ఇన్ని వంకలు పెట్టేది, బయట మాత్రం వందల రకాల మొక్కల్లో హాయిగా బతికేస్తుంది.