మన జట్టు ఓడిన రాత్రి టికెట్ ఎవరికి చేరాలి

సభకు నమస్కారం. ఈరోజు గెలిచిన పిల్లలకు, ఓడినా చివరి నిమిషం దాకా పరిగెత్తిన పిల్లలకు, శనివారం పొద్దున్నే నిద్ర మానుకుని వాళ్ళను జిమ్‌కు తీసుకొచ్చిన తల్లిదండ్రులకు నా అభినందనలు. విరాళాలు ఇచ్చినవారి పేర్లు, వంట చేసినవారి పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. పిల్లల పెంపకంలో ఆటల స్థానం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దానికోసం రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక బయట టీ తాగుతుంటే ఒక మాట చెవిన పడింది. "మార్చి టోర్నమెంట్ టికెట్లు ముందే పది కొని పడేస్తే, మన ప్రయాణం ఖర్చు వచ్చేస్తుంది" అని ఒకరు మరొకరికి సలహా ఇస్తున్నారు. ఎవరన్నారో చెప్పను. ఆ మాట విన్నాక రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీయబుద్ధి కాలేదు. అధ్యక్షులవారు మన్నించాలి. ఈరోజు ఆ టికెట్ల గురించే, అంటే మార్చిలో జరిగే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ టికెట్ల గురించే మాట్లాడతాను.

అమెరికాలో మనం ఉంటున్న ఈ నార్త్ కరోలినా రాష్ట్రం ఎలాంటిదో తెలుసు కదా. ర్యాలీ నగరంలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం, డర్హమ్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం. ఒకదాని నుంచి ఇంకొకదానికి కారులో అరగంట. ఇక్కడికి వచ్చిన కొత్తలో మనలో చాలామందికి క్రికెట్ తప్ప మరో ఆట పట్టేది కాదు. పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక ఒకరు డ్యూక్ ముదురు నీలం చొక్కా, ఒకరు చాపెల్ హిల్ లేత నీలం చొక్కా, ఇంకొకరు స్టేట్ ఎర్ర చొక్కా వేసుకుని ఒకే ఇంట్లో మూడు పక్షాలు పెట్టారు. ఇప్పుడు మార్చి వచ్చిందంటే మన ఇళ్ళలోనూ అన్నం గిన్నె టీవీ ముందుకే వస్తుంది.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూర్చున్నారు కాబట్టి వాళ్ళకోసం కొంచెం చెబుతాను. ఈ టోర్నమెంట్ 1939లో 8 జట్లతో మొదలైంది. 1985లో 64 జట్లు అయ్యాయి, 2011లో 68. ఒక్క ఆట ఓడితే ఇంటికే. రెండో అవకాశం లేదు. ఎవరు ఎక్కడ ఆడతారో ఒక ఆదివారం సాయంత్రం ప్రకటిస్తారు, అదే వారంలో ఆటలు మొదలైపోతాయి. మొదటి వారం ఒక్కొక్క ఊరికి ఎనిమిది జట్లు వస్తాయి. తొలిరోజు నాలుగు ఆటలు, మధ్యలో ఒకరోజు విశ్రాంతి, తర్వాత మిగిలిన నాలుగు జట్లకు రెండు ఆటలు. టికెట్లు మాత్రం ఇవేవీ తెలియకముందే అమ్ముడవుతుంటాయి.

అందుకని నేను టికెట్ మళ్ళీ అమ్మడమే తప్పు అనడం లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, వెనక వరసలకు కూడా వినబడాలి. ఈ టోర్నమెంట్‌లో టికెట్ చేతులు మారక తప్పదు. తొలిరోజు నాలుగు జట్లు ఓడిపోతాయి. వాళ్ళ అభిమానుల దగ్గర రెండోరోజు టికెట్లు ఉంటాయి, చూడడానికి తమ జట్టు ఉండదు. గెలిచిన జట్ల వాళ్ళు పక్క రాష్ట్రాల నుంచి రాత్రికి రాత్రి కార్లేసుకుని వస్తుంటారు, వాళ్ళ చేతిలో టికెట్ ఉండదు. ఓడినవాడి చేతిలోంచి గెలిచినవాడి చేతిలోకి అది వెళ్ళాలి. వెళ్ళడంలో తప్పు లేదు. ఎంతకు వెళ్ళింది అన్నదగ్గరే నా పేచీ.

2025 మార్చిలో ర్యాలీలో జరిగింది చెబుతాను. ఆ ఏడాది మన ఊరికి వచ్చిన జట్లు డ్యూక్, ఫ్లోరిడా, కనెటికట్, బేలర్, ఓక్లహోమా, మిసిసిపి స్టేట్, మౌంట్ సెయింట్ మేరీస్, నార్ఫోక్ స్టేట్. కూపర్ ఫ్లాగ్ అనే పేరుమోసిన ఆటగాడు డ్యూక్ తరఫున ఆడిన ఏడాది అది. మా అమ్మాయి గది గోడ మీద వేరే బొమ్మ ఉండేది కాదు. డ్యూక్ ఆట శుక్రవారం మధ్యాహ్నం, మాకు దొరికినవి శుక్రవారం సాయంత్రం ఆటల టికెట్లు. ఆదివారం డ్యూక్ ఆట చూపించాలంటే ఇంటర్నెట్‌లో చూపించే ధర గంటగంటకూ పెరుగుతోంది. డర్హమ్ పక్కనే ఉంది, కొనేవాళ్ళకు కొదవ లేదు. అంతకు ముందే నేను ఒక వెబ్‌సైట్‌లో ఆదివారానికి రెండు టికెట్లు కొని డబ్బు కట్టాను. డ్యూక్ ర్యాలీలో ఆడుతుందని తేలాక అమ్మినవాడు రద్దు చేసుకున్నాడు. నా డబ్బు వెనక్కి వచ్చింది, టికెట్లు మాత్రం ఇంకా పెద్ద ధరకు ఇంకెవరికో వెళ్ళాయి. ఆ వెబ్‌సైట్ నుంచి నాకు వచ్చింది రెండు వాక్యాల క్షమాపణ.

సరే, శుక్రవారం సాయంత్రానికి వస్తాను. మా పక్కనే ఆకుపచ్చ, బంగారు రంగు చొక్కాలు వేసుకుని ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. నార్ఫోక్ స్టేట్ అభిమానులు, వర్జీనియా నుంచి కారులో వచ్చారు. ఎదురుగా ఉన్నది ఫ్లోరిడా. ఆ ఏడాది ఛాంపియన్ ఆ జట్టేనని తర్వాత తేలింది. ఆట 95-69తో ముగిసింది. ఆ దంపతులు ఆఖరి సెకను దాకా నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. తర్వాత ఆవిడ మా అమ్మాయిని అడిగారు, నువ్వు ఏ జట్టు అని. డ్యూక్ అంది. ఆదివారం వస్తున్నావా అన్నారు. లేదు, టికెట్లు లేవు అంది. ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన ఫోను తీశారు.

ఇంటర్నెట్‌లో ఎంత పలుకుతోందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేను ఆ ధరే ఇస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నేను ఎంత ఇచ్చానో అంతే ఇవ్వండి. ఇవి కొన్నది మా పిల్లల ఆట చూడడానికి" అన్నారు. అంతే. ఫోనులో టికెట్లు ఇటు వచ్చాయి, డబ్బు అటు వెళ్ళింది. ఆదివారం మొదటి ఆటలో ఫ్లోరిడా, అంతకుముందు రెండేళ్ళూ వరసగా ఛాంపియన్ అయిన కనెటికట్‌ను 77-75తో ఓడించింది. తర్వాత డ్యూక్ బేలర్‌ను 89-66తో ఓడించింది. మా అమ్మాయి రెండూ చూసింది.

నేను ఈ సంగతి ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు అంటారు, ఆయనకు లోకం తెలియదు అని. అలా అనకండి. ఆయనకు ధర తెలుసు, ఫోనులో నాకు చూపించారు కూడా. తెలిసే వద్దన్నారు.

మన ఊళ్ళలో కొత్త సినిమా విడుదలైనప్పుడు హాలు ముందు బ్లాకులో టికెట్లు అమ్మేవాళ్ళను చూసి మనం ఎంత తిట్టుకునేవాళ్ళం! వరసలో నిలబడి చొక్కాలు చిరిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. ఇప్పుడు మన ఇంట్లోనే మొగుడి పేరు మీద ఒక ఖాతా, పెళ్ళాం పేరు మీద ఒక ఖాతా, బావమరిది పేరు మీద ఇంకొకటి తెరిచి టికెట్లు ఎత్తిపెట్టడం ఏమిటి? అమ్మా, మిమ్మల్నే అడుగుతున్నాను, తల దించుకోకండి, జవాబు చెప్పండి.

చట్టం చూసుకుంటుందిలే అనే మాట కూడా విన్నాను. మన రాష్ట్రంలో ఒకప్పుడు టికెట్ మీద ఉన్న ధరకు 3 డాలర్లకు మించి కలిపి అమ్మడం చట్టవిరుద్ధం. 2008లో ఇంటర్నెట్ అమ్మకాలకు ఆ కట్టు సడలించారు. కంప్యూటర్ ప్రోగ్రాములతో టికెట్లను ఒక్కసారిగా ఊడ్చుకుపోవడాన్ని 2016లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. 2025 మే 12 నుంచి రుసుములన్నీ కలిపిన ధర ముందే చూపించాలన్న నియమం వచ్చింది. మంచిదే. కానీ ధర ముందే తెలిసినంత మాత్రాన తగ్గదు. బావమరిది ఖాతాను ఏ చట్టమూ పట్టుకోదు.

నిర్వాహకులు మాత్రం తక్కువ తిన్నారా? ఫైనల్ ఫోర్ అంటే చివరి నాలుగు జట్ల ఆటలు. వాటి టికెట్లను చాలా ఏళ్ళు, ఈ టోర్నమెంట్ నడిపే సంస్థ ఎన్‌సీఏఏ దరఖాస్తులు తీసుకుని, డ్రా తీసి ఇచ్చేది. దరఖాస్తుకు 6 డాలర్ల రుసుము. టికెట్ రాకపోతే టికెట్ డబ్బు తిరిగి వచ్చేది, రుసుము వచ్చేది కాదు. అభిమానులు కోర్టుకు వెళ్ళారు. అది చట్టవిరుద్ధమైన లాటరీ కాదని 2011లో ఇండియానా సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పును గౌరవిస్తాను, ఆ రుసుము న్యాయమని మాత్రం ఒప్పుకోను. రాని టికెట్ కోసం అభిమాని దగ్గర డబ్బు ఎందుకు ఉంచుకోవాలి?

చోటు చాలకనే ధరలు పెరుగుతున్నాయి అంటారు. 2014లో టెక్సస్‌లో సెమీఫైనల్స్‌కు 79,444 మంది వచ్చారు. ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో కోర్టు వేసి ఆడించారు. పై వరసల నుంచి చూస్తే ఆటగాడి చొక్కా మీద అంకె కూడా కనబడదు. అంత పెద్ద చోట్లలో ఆడించినా ధర పెరిగే ఏడాది పెరుగుతూనే ఉంది. 2022లో న్యూ ఆర్లీన్స్‌లో చూశాం కదా. డ్యూక్, నార్త్ కరోలినా ఈ టోర్నమెంట్‌లో ఎదురుపడడం అదే మొదటిసారి. డ్యూక్ కోచ్ షషెఫ్‌స్కీకి అదే ఆఖరి ఆట అయింది. 81-77తో కరోలినా గెలిచింది. ఆ శనివారం రాత్రి డ్యూక్ వాళ్ళ దగ్గర సోమవారం ఫైనల్ టికెట్లు మిగిలిపోయాయి. లేత నీలం చొక్కా వాడికి అమ్మడం కన్నా ఖాళీగా వదిలేయడం మేలు అన్నవాళ్ళు నాకు తెలుసు. ఆ పట్టుదల నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఉంది. అయినా అమ్మండి. కొన్న ధరకే అమ్మండి. ఎదుటి జట్టు అభిమాని కూడా మీలాగే మార్చి అంతా నిద్ర చెడగొట్టుకున్నవాడే.

2024 సంగతి చెప్పకుండా ముగించలేను. నార్త్ కరోలినా స్టేట్ పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ ఒకే ఏడాది ఫైనల్ ఫోర్‌కు వెళ్ళాయి. పురుషులు 11వ సీడ్‌తో, అంటే తమ విభాగంలో పదకొండో స్థానం ఇచ్చిన జట్టుగా మొదలుపెట్టి వెళ్ళారు! వాళ్ళ ఆట ఫీనిక్స్ దగ్గర, అమ్మాయిల ఆట క్లీవ్‌లాండ్‌లో. కెయిట్లిన్ క్లార్క్ అనే క్రీడాకారిణి ఆట కోసం జనం ఎగబడడంతో ఆ ఏడాది మహిళల టికెట్లు పురుషుల టికెట్లకన్నా ఎక్కువ ధరకు చేతులు మారాయి. ఇందులో సంతోషించాల్సింది ఉంది. అమ్మాయిల ఆటకు ఇంత గిరాకీ వస్తుందని ఎవరనుకున్నారు? కానీ ఆ పెరిగిన డబ్బు ఆడిన అమ్మాయిలకు చేరలేదు, మధ్యలో కొని అమ్మినవాళ్ళకు చేరింది.

ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్న పిల్లలు వెనక నిలబడి ఉన్నారు. మీతో ఒక్క మాట. ఫైనల్ ఫోర్‌లో ఆడే విశ్వవిద్యాలయాల విద్యార్థులకు బుట్టల వెనక, కోర్టుకు దగ్గరగా 40 డాలర్లకు చోటిచ్చే పద్ధతి పెట్టారు. డబ్బున్నవాళ్ళు ఎంత ఇచ్చినా దొరకని చోటు అది. అద్దె కట్టడానికి కష్టంగా ఉందని దాన్ని అమ్ముకోవాలనిపిస్తే, ముందు నన్ను అడగండి. అద్దె సంగతి వేరే దారిలో చూద్దాం. ఆ చోట్లో మీరే నిలబడి అరవాలి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ముగిస్తున్నాను. తలుపు పక్కన బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. వచ్చే మార్చిలో టికెట్లు కొనబోయేవాళ్ళు మీ పేరు, మీ జట్టు, ఎన్ని కొంటున్నారో రాయండి. మీ జట్టు ఓడిన రాత్రి ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళకు ఫోన్ చేయండి, కొన్న ధరకే ఇవ్వండి. టికెట్ కావలసినవాళ్ళు రెండో పేజీలో రాయండి. విద్యార్థులకు, పిల్లలున్న ఇళ్ళకు మొదటి వంతు. మొదటి పేజీలో నా పేరు ఉంది, నా టికెట్ల సంఖ్య కూడా రాశాను. భోజనాలకు లేచేముందు అటువైపు నుంచి వెళ్ళండి. నమస్కారం.